రాష్ట్రేతరాంధ్రుల సేద్యమున శక్తిసాధనములు: కపిల మోట మొదలు సౌరఫలకము వరకు

ఆంధ్రదేశమును వీడి శతాబ్దముల క్రితము దక్షిణమునకు, పడమటికి తరలిపోయిన తెలుగు కుటుంబముల చరిత్రను వ్రాసినవారు వారి దండయాత్రలను, పాళెములను, దేవాలయ దానములను విపులముగ వర్ణించిరి. వారి బావులను గూర్చి వ్రాసినవారు మిక్కిలి తక్కువ. కాని ఆ జనులలో అధిక సంఖ్యాకులు కత్తి పట్టినది కొలదికాలము. నాగలి పట్టినది అనేక తరములు. వారు నెలకొనిన సీమలలో కొంగునాటి మెట్టలు, కోవిల్పట్టి ప్రాంతపు నల్లరేగడి, కర్ణాటకములోని పావగడ తాలూకా, ఈ మూడును వానకు ముఖము వాచిన నేలలే. నది పారని చోట పైరు పండవలెనన్న నీటిని పాతాళమునుండి పైకి తోడవలెను. తోడుటకు బలము కావలెను. ఆ బలము ఎచ్చటనుండి వచ్చినది, ఎవరి చేతిమీదుగ వచ్చినది, దానికి మూల్యము చెల్లించినది ఎవరు అను ప్రశ్నలకు ఈ మూడు సీమల చరిత్రలో దొరకు సమాధానములు ఒకదానితో నొకటి ముడిపడి యున్నవి.

నీరు, గాలి, ఎండ వీనినుండి పుట్టు విద్యుత్తును నేడు పునరుత్పాదక శక్తి యనుచున్నారు. ఎంత వాడినను తరుగనిదని దాని భావము. దీనిని సేద్యముతో జోడింపవలెనను మాట ఇటీవలిదని పలువురి తలంపు. నిజమునకు ఈ తెలుగు పల్లెల ముంగిటికి ఆ శక్తి తొంబది ఏండ్లలో మూడు మారులు వచ్చినది. 1930 ప్రాంతమున కొండవాగు రూపమున వచ్చెను. 1986 తరువాత గాలి రూపమున వచ్చెను. 2015 దాటిన పిమ్మట ఎండ రూపమున వచ్చినది. మూడు మారులును ఫలితము ఒక్కటి కాలేదు.

కొంగునాటి బావులు

విజయనగర రాజకుమారుడు కంపరాయలు 1371 ప్రాంతమున మధురను జయించుటతో తెలుగువారు అరవదేశమునకు పోవు దారి తెరచుకొన్నది. 1529లో విశ్వనాథ నాయకుడు మధురలో నాయక రాజ్యమును నెలకొల్పుటతో ఆ దారి రాచబాట యైనది. సేనల వెనుక కమ్మవారు, బలిజలు, రెడ్లు, రాజకంబళమువారు తరలిరి. వారితోబాటు తోలుపని వారును, కూలినాలి చేయువారును తరలిరి. ఈ చివరి వారిని గూర్చి వంశావళులలో పేర్లుండవు. కావేరి పారు తంజావూరు మాగాణిలో అప్పటికే కాపులు నిండియుండిరి. వచ్చినవారికి దక్కినది పొదలు నిండిన మెట్టయే. కొంగునాట, అనగా నేటి కోయంబత్తూరు, తిరుప్పూరు ప్రాంతములలో, నేల అడుగున గట్టి రాయి. వాన స్వల్పము. కనుక అచ్చటి సేద్యమంతయు బావి చుట్టు అల్లుకొన్నది. 1887లో నికల్సన్ దొర సమకూర్చిన కోయంబత్తూరు జిల్లా గ్రంథమున ఆ బావుల ప్రసక్తి విస్తారముగ గలదు. బావి గల భూమికి ‘తోట’ యని పేరు, లేనిదానికి ‘కాడు’. కాడును తోటగ మార్చుటయే ఒక కాపు జీవితమునకు ఘనకార్యము. రాయి పగులగొట్టుచు తండ్రి మొదలిడిన బావిని కొడుకు ముగించుట వింతగాదు.

నీటిని తోడు సాధనము కపిల. తమిళమున దానిని కవలై యందురు. బావి యొడ్డున రెండు స్తంభములు, వానిపై గిలక, గిలకపై లావుపాటి మోకు. మోకు కొసను తోలుతో కుట్టిన పెద్ద బాన. బాన అడుగున తోలుతొండము. తొండమునకు వేరొక సన్నత్రాడు. ఎడ్లు బావినుండి పల్లమునకు దిగు వాలుబాటలో నడచుచుండ బాన పైకి వచ్చును. తోలువాడు మోకుపై కూర్చుండి తన బరువునుగూడ ఎడ్లకు తోడు చేయును. ఒడ్డుకు వచ్చినంతనే తొండము విచ్చుకొని నీరు తొట్టిలో పడును. పిదప ఎడ్లు వెనుకకు నడచుచు వాలునెక్కి తిరిగి రావలెను. ఇట్లు తెల్లవారుజామున మొదలైన పని ఎండ ముదురు వరకు సాగెడిది. ఎడ్లజత యొక్క బలము ఒక అశ్వశక్తికి లోపే. అందులోను సగము ప్రయాణము వట్టి చేతులతో వెనుకకు నడచుటకే సరిపోవును.

ఈ యంత్రమునకు ఇంధనము జొన్నచొప్ప. కొంగునాటి కాపు తన పొలములో కొంత భాగమును ఏటేట ఎడ్ల మేతకే వదలెడివాడు. కంగాయము ఎడ్ల పేరు దేశమంతట మ్రోగుటకు మూలము ఈ బావులును, ఈ చొప్పయునే. సూర్యరశ్మి చొప్పయై, చొప్ప ఎద్దు కండరమై, ఆ కండరము నీటిని పైకి లాగెడిది. ఎద్దు పేడ మరల పొలమునకే చేరెడిది. తరుగని శక్తిని సేద్యముతో జోడించుట యన్నచో ఇంతకన్న పూర్ణమైన జోడింపు తరువాత ఎన్నడును కుదరలేదని చెప్పవచ్చును. అయినను దానిని స్వర్ణయుగముగ తలపోయుట పొరపాటు. ఆ కాలమున ఎడ్లతో సమముగ మనుష్యులును అలసిరి.

తోలుబానను కుట్టిన చేతులు అరుంధతీయులవి. కొంగునాటి అరుంధతీయులలో అనేక కుటుంబముల ఇంటిభాష నేటికిని తెలుగు. ‘తెలుగు సమాజము’ అనునప్పుడు వీరిని మరచుట పాత అలవాటు. ఆ అలవాటు వలన ఈ చరిత్రలో ప్రధానమైన పుట చిరిగిపోయినది. చచ్చిన పశువు చర్మము వారికి చెందును. దానిని ఊనవలెను, కోయవలెను, బానగ కుట్టవలెను, ఏడాది పొడుగున అతుకులు వేయవలెను. బాన చినిగిన దినమున తోటకు నీరు లేదు. ఆ పనికి ప్రతిఫలము కళ్లమున ధాన్యపు మేర. కపిల తోలువాడును పెక్కుచోట్ల ఆ కుటుంబములోని వాడే. సంవత్సరపు జీతమునకు కట్టుబడి, అప్పులకు చిక్కి, ఆ తోటనే అంటిపెట్టుకొని యుండెడివాడు. ఆ బంధము న్యాయమైనది కాదు. కాని ఆ బంధములో ఒక హక్కు గలదు. నీటిని పైకి తెచ్చుటలో పాలుగలవానికి పంటలోను పాలుండెను.

కొండవాగు పొలమునకు వచ్చుట

1905 ప్రాంతమున కంబోడియా ప్రత్తి మద్రాసు రాజధానికి వచ్చెను. అది నీటి ప్రత్తి, తోటభూమికి తగినది. దాని ధర కపిలకు మించిన సాధనముల నాశించుటకు కాపులకు ధైర్యమిచ్చెను. మద్రాసులో ఇంజనీరింగు బోధించిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అప్పటికే నూనె ఇంజనుతో నీరు తోడు ప్రయోగములను జరిపించి, అవి ఎడ్లకన్న చౌకయని లెక్కలు చూపెను. కొన్ని తోటలలో ఇంజనులు వెలసినవి. అయినను వాని వెల, మరమ్మతు సామాన్య కాపునకు భారమయ్యెను.

అసలైన మార్పు నీలగిరులనుండి దిగివచ్చినది. పైకారా నది మూడువేల అడుగులకు మించిన లోతునకు దూకుచున్నది. దానినుండి విద్యుత్తు తీయు పనిని మద్రాసు ప్రభుత్వము 1929లో ఆరంభించెను. 1932-33 నాటికి ఆ విద్యుత్తు కోయంబత్తూరు చేరెను. మొదట దానిని కోరినవి నూలుమిల్లులు. ఆ మిల్లులలో పెక్కింటి స్థాపకులు తోటసేద్యము చేసిన తెలుగు కుటుంబములవారే. లక్ష్మీ మిల్లును 1910లో నెలకొల్పిన కుప్పుస్వామి నాయుడు మొదలుగ ఆ వరుస పెద్దది. ప్రత్తి పండించువాడును, నూలు వడకువాడును ఒకే ఊరి బంధువులగుటచే, మిల్లునకు వచ్చిన తీగ పొలమునకును రావలెనను కోరిక త్వరగా పుట్టెను.

కోరికకు తగిన యంత్రములును అచ్చటనే తయారయ్యెను. కలంగల్ గ్రామమున 1893లో పుట్టిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు, లోకము జి. డి. నాయుడని యెరిగినవాడు, బడి చదువును నిలువక బస్సుల వ్యాపారమున పైకి వచ్చి యంత్రశిల్పియైనాడు. 1937లో అతడును, డి. బాలసుందరమును కలిసి దేశములో తయారైన తొలి విద్యుత్ మోటారును వెలువరించిరి. పి. ఎస్. గోవిందస్వామి నాయుడు కుమారులు 1926లో ఏర్పరచిన ధర్మసంస్థ నడపిన పారిశ్రామిక శాలలోను పంపులు పోతపోసిరి. కోయంబత్తూరు నేడు పంపుల నగరమని పేరొందుటకు బీజము ఈ పదేండ్లలోనే పడినది. మిల్లు, పోతశాల, తోట ఈ మూడును ఒకదాని నొకటి పెంచినవి. రాష్ట్రేతరాంధ్రుల పారిశ్రామిక ప్రతిభను పొగడునప్పుడు దాని అడుగున బావి యున్నదను మాట సాధారణముగ విడిచిపెట్టుదురు.

1951 నాటికి భారతదేశ మంతటను విద్యుత్తుతో నడచు వ్యవసాయపు పంపులు సుమారు 21 వేలు మాత్రమే. వానిలో ఎక్కువ భాగము మద్రాసు రాష్ట్రముననే యుండెను. దేశమునకు ముందుగ ఈ సీమ కాపులు మీట నొక్కి నీరు పారించిరి. మూడు అశ్వశక్తుల మోటారు నాలుగైదు జతల ఎడ్ల పనిని ఒంటిగ చేయును. దానికి చొప్ప అక్కరలేదు, రాత్రి నిద్ర అక్కరలేదు. చొప్ప పెరిగిన మడులలో ప్రత్తి, చెరకు, అరటి వెలసినవి. ఆ తొలి దశలో మోటారును నడపినది కొండవాగు బలమే. పైకారాకు తోడుగ 1937లో మెట్టూరు విద్యుత్తు చేరెను. నేడు ‘పునరుత్పాదక’ మను మాటతో చెప్పబడుదాని పైననే, ఆ మాట పుట్టకమునుపే, వేలకొలది తోటలు పండినవి.

అరుంధతీయుని బాన సంగతి యేమైనది? 1950, 1960 దశకములలో ఒక్కొక్క తోటలో మోటారు వచ్చుకొలది ఒక్కొక్క బాన అటకెక్కెను. తోలు ఊను గుంటలు ఎండెను. కళ్లమున మేర తగ్గెను, పిదప నిలిచిపోయెను. స్వీడను దేశపు చరిత్రకారిణి గున్నెల్ సెడర్లోఫ్ 1997లో వెలువరించిన గ్రంథమున కోయంబత్తూరు జిల్లాలోని ఈ తెగిన బంధముల చరిత్రను పరిశీలించినది. కట్టుబానిసతనము సడలుట మేలే. బలవంతపు జీతగాడు దినకూలియై, కొందరు మిల్లులకును పట్టణములకును పోయి, తరువాతి తరము బడికెక్కినది. కాని మోటారు కొనుటకు కాపునకు ప్రభుత్వపు అప్పు దొరికినది. వృత్తి పోయినవానికి ఏమియు దొరకలేదు. ఎడ్ల బలమునకు బదులు యంత్రబలము వచ్చిన పుటలో లాభమును వ్రాసినవారు నష్టమును వ్రాయు గడిని ఖాళీగ వదలిరి.

పైసల పోరాటము

విద్యుత్తుతో వచ్చిన కొత్త పరాధీనత మరియొకటి. ఎద్దు కాపుది, చొప్ప కాపుది. తీగ మాత్రము మండలిది. 1970లో వ్యవసాయపు విద్యుత్తు ధరను యూనిట్‌కు 8 పైసలనుండి 10 పైసలకు పెంచిరి. రెండు పైసలే కదా యని నగరవాసి కనిపించవచ్చును. కాని అప్పటికి నీటి మట్టము దిగిపోయి, అదే మడికి మునుపటికన్న ఎక్కువ గంటలు మోటారు నడపవలసిన స్థితి. కోయంబత్తూరు సమీపమున వైయంపాళయమునకు చెందిన సి. నారాయణస్వామి నాయుడు (1925-1984) కాపులను కూడగట్టెను. ఆ యుద్యమమున తెలుగువారు, తమిళ గౌండర్లు భుజము కలిపి నడచిరి. ఇంటిభాష వేరైనను కరెంటు బిల్లు ఒక్కటియే. 1970 జూన్ 19న పెరుమానల్లూరులో పోలీసు కాల్పులకు ముగ్గురు రైతులు బలియైరి. ధర ఒక పైస తగ్గెను. 1972లో ధర మరల పెరుగగా, ఎడ్లబండ్లు కోయంబత్తూరు వీధులను నింపి రాకపోకలను స్తంభింపజేసినవి. కపిలనుండి విడుదల పొందిన ఎడ్లు, తమ స్థానమును గైకొన్న విద్యుత్తు ధర తగ్గుటకై, బండ్లు లాగి పట్టణమును ముట్టడించుట ఆ చరిత్రలోని విచిత్రము. ఆ యేడు జూలైలో మరల కాల్పులు జరిగి పలువురు మరణించిరి. తమిళనాట రైతులు జూలై 5ను నేటికిని వారి స్మృతి దినముగ పాటించుచున్నారు.

ఆ పోరాటము ఫలించినది. 1984లో చిన్న రైతులకును, 1990 ప్రాంతమున ఎల్ల రైతులకును తమిళనాట వ్యవసాయపు విద్యుత్తు ఉచితమైనది. కాని దానిని పుట్టించు మూలము నడుమ మారిపోయెను. పెరిగిన అవసరమునకు కొండవాగులు చాలలేదు. 1962లో నైవేలి లిగ్నైటు విద్యుత్తు మొదలైనది; తరువాత బొగ్గు కేంద్రములు వచ్చినవి. తరుగని శక్తితో ఆరంభమైన తోట తరుగు శక్తిపై ఆధారపడినది.

శక్తి తరిగినను తరుగకున్నను నీరు మాత్రము తరిగినది. కపిలకు ఒక హద్దుండెను. ఎడ్లు ఒక పూట లాగగలిగినంతయే నీరు. రాత్రి బావి ఊరెడిది. మోటారునకు ఆ హద్దు లేదు. ధర లేని మోటారునకు అసలే లేదు. బావులను లోతు చేసిరి. చాలక బావిలోననే బెజ్జము వేసిరి. అదియు చాలక గొట్టపు బావులకు దిగిరి. నేడు కొంగునాట వేయి అడుగుల బోరు వింత కాదు. లోతునకు పోవు స్తోమతు గలవాని తోట నిలిచినది. ప్రక్కవాని తాతలనాటి బావి ఎండినది. అప్పుడెప్పుడో బాన పోగొట్టుకొన్నవాని వలెనే వీనికిని పరిహారము లేదు.

గాలి వచ్చిన త్రోవ

కొంగునాడునుండి దక్షిణముగ పోయినచో కోవిల్పట్టి నల్లరేగడి. తమిళులు దీనిని కరిసల్ అందురు. ఇచ్చట కమ్మవార్లు, రాజకంబళమువారు, రెడ్లు కాపురమున్న తెలుగు పల్లెలు వందలు. ఇటైచేవల్ గ్రామమున 1923లో పుట్టి 2021లో కన్నుమూసిన కి. రాజనారాయణన్ ఇంటిభాష తెలుగు, వ్రాసినది తమిళము. 1976 నాటి ‘గోపల్ల గ్రామము’ నవలలో తెలుగువారి వలసను, అడవి నరికి నేలను సాగుచేయుటను కథగ మలచెను. ఆ ప్రక్కనే కయత్తారు. పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను ఆంగ్లేయులు 1799 అక్టోబరు 16న ఉరితీసిన చోటు. ఆ వీరుని మాతృభాషయు తెలుగే యని ఈ పల్లెలవారు గర్వముతో చెప్పుకొందురు.

కయత్తారు పేరు నేడు మరియొక కారణమున దేశములో వినబడుచున్నది. పడమటి కనుమలలో పాలఘాటు, సెంగోట్ట, ఆరల్వాయ్‌మొళి, కంబము అను నాలుగు సందులగుండ నైరుతి గాలి తమిళనాడులోనికి దూసికొని వచ్చును. ఆడి మాసపు గాలికి సన్నెకల్లును ఎగిరిపోవునని అచ్చటి సామెత. పూర్వము కాపు ఆ గాలిని వాడుకొనకపోలేదు. కళ్లమున చేటనెత్తి తూర్పారబట్టుటకు అంతకన్న చౌకయైన కూలివాడు లేడు. 1960 దశకమున బెంగుళూరులోని జాతీయ వైమానిక పరిశోధనశాల నీరు తోడుటకై పలురెక్కల గాలిమరను రూపొందించెను. అది పొలములలో వ్యాపింపలేదు. కారణము ఊహించుట కష్టము కాదు. అట్టి చిన్న మర కొద్దిలోతు నీటినే లాగగలదు; కొంగునాట నీరప్పటికే లోతునకు జారినది. కరిసల్ సీమలోనైతే గాలి వీచు ఆషాఢ శ్రావణములలో నేల బీడుగ నుండును. విత్తులు పడునది ఈశాన్యపు వానలకు ముందు. గాలి యున్నప్పుడు పైరు లేదు, పైరున్నప్పుడు గాలి లేదు.

కనుక గాలి వేరొక త్రోవ పట్టినది. 1986లో తూత్తుకుడి సమీపమున ముల్లక్కాడు వద్ద విద్యుత్తు పుట్టించు గాలిమరలను ప్రభుత్వము ప్రయోగముగ నిలిపెను. అటుపిమ్మట కయత్తారున గాలిమరలను పరీక్షించు కేంద్రము వెలసినది. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ దానిని నిర్వహించుచున్నది. 1990 దశకమున గాలిమర కొన్నవారికి ఆదాయపు పన్నులో గొప్ప రాయితీ లభించెను: మర వెల యంతయు మొదటి యేడే తరుగుదలగ వ్రాసికొనవచ్చును. ఒకచోట పుట్టించిన విద్యుత్తును మండలి తీగలపై పంపి వేరొకచోట వాడుకొను వీలును కలిగినది. ఈ రెంటిని చక్కగ వినియోగించుకొన్నవి నూలుమిల్లులు. కోయంబత్తూరు, రాజపాళయము మిల్లుల యజమానులలో తెలుగువారు పెక్కురు. నేడు తమిళనాట గాలి విద్యుత్తు సామర్థ్యము పదివేల మెగావాట్లకు మించినది.

తెలుగు కాపు పొలమున వీచిన గాలి తెలుగు మిల్లు కదురును త్రిప్పుచున్నది. నడుమ కాపునకు దక్కినదేమి? పెక్కుచోట్ల మర నిలుచు నేలను ఒకేమారు వెలకు కొనిరి. అమ్మినవాడు అప్పు తీర్చెను, కూతురి పెండ్లి చేసెను, లేదా కొడుకును పట్టణమున చదివించెను. ఆ తరువాత ఎన్ని ఏండ్లు మర తిరిగినను అతనికి సంబంధము లేదు. గాలిమర నేలను ఎక్కువగ తినదు. దాని పాదము చుట్టు జొన్న, మినుము, ప్రత్తి పూర్వమువలెనే పండుచున్నవి. సేద్యమునకు హాని స్వల్పము; సేద్యమునకు మేలును స్వల్పమే. మర నీడ పొలముపై పడును, దాని బలము పొలమునకు చేరదు.

ఎండ బేరము

సౌరశక్తి ఈ లోపమును తీర్చగలదను ఆశకు ఆధారమున్నది. ఫలకమును బావి గట్టుననే నిలుపవచ్చును. ఎండ యెక్కువైన దినముననే పైరునకు దప్పిక యెక్కువ. గాలికి లేని పొత్తు ఎండకు గలదు. కేంద్ర ప్రభుత్వము 2019లో ప్రారంభించిన ‘కుసుమ్’ పథకమున సౌర పంపు వెలలో నూటికి 30 పాళ్లు కేంద్రమును, 30 పాళ్లు రాష్ట్రమును భరించునట్లు ఏర్పాటైనది. మిగిలినది రైతు పెట్టుకొనవలెను. కాని కొంగునాటి రైతు దీనిని వేరొక లెక్కతో చూచును. తీగమీది కరెంటు తనకు ఉచితము. ఉచితమైనదానిని వదలి డబ్బు పెట్టి ఫలకము కొననేల? కనుక దీనిని కోరువారిలో ముఖ్యులు, ఉచిత కనెక్షనుకై ఏండ్ల తరబడి వరుసలో నిలిచినవారు, రాత్రివేళ వచ్చు కరెంటుకై పాముల నడుమ పొలమునకు పోవుటతో విసిగినవారు. వారికిది నిజమైన ఉపకారము. ఇచ్చటను పాత ప్రశ్న తలయెత్తుచున్నది: పొద్దు పొడిచినది మొదలు క్రుంకువరకు, ఒక్క పైస ఖర్చు లేక నడచు పంపునకు నీటి విషయమున హద్దు ఏది? బిందుసేద్యముతో ముడిపెట్టిన చోట కొంత అదుపు గలదు. మిగులు విద్యుత్తును తీగకు అమ్మి రైతు ఆదాయము పొందునట్లు చేయు భాగమును ఆ పథకమున గలదు. నీటిని తోడకుండుటకును ఒక వెల లభించుట తోటసేద్య చరిత్రలో ఇదియే మొదటిమారు.

ఎండ కర్ణాటకమున చేసిన బేరము మరియొక తీరుది. తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాకు దాదాపు చుట్టును ఆంధ్రభూమియే. కార్యాలయమున కన్నడము, ఇంట తెలుగు అచ్చటి వాడుక. వేరుసెనగ ప్రధాన పంట, తరచుగ కరవు, బోరు నీటిలో ఫ్లోరైడు. వరుస కరవులకు యువకులు బెంగుళూరునకు కూలికి పోయిరి. ఆ స్థితిలో 2015లో ఏర్పడిన కర్ణాటక సౌరవిద్యుత్ అభివృద్ధి సంస్థ తిరుమణి, బాలసముద్రము, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామములలో సుమారు 13 వేల ఎకరములను సేకరించెను. కొనుగోలు చేయలేదు; కౌలునకు తీసికొనెను. ఎకరమునకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేండ్ల కొకమారు నూటికి ఐదు పెంపు. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 చివరకు 2,050 మెగావాట్ల సామర్థ్యమును చేరిన ఆ సౌరక్షేత్రము అప్పటికి ప్రపంచములోని మిక్కిలి పెద్దవానిలో నొకటి.

వేరుసెనగ చేలో పెట్టుబడియు తిరిగిరాని ఏండ్లను చూచిన రైతునకు ఆ కౌలు వరప్రసాదమే. పది ఎకరములున్నవానికి రెండు లక్షలకు మించి ఇంటికి వచ్చును. వాన చూడనక్కరలేదు, బోరు వేయనక్కరలేదు. కరిసల్ సీమ కాపువలె నేలను శాశ్వతముగ కోల్పోలేదు. ఇది మెచ్చదగిన ఏర్పాటు. అయినను కౌలుపత్రముపై సంతకము చేయుటకు భూమి యుండవలెను. కాయలు కోసి, కలుపు తీసి బ్రతికినవారికి, ఆ బీళ్లలో గొఱ్ఱెలను మేపినవారికి పత్రము లేదు, కౌలు లేదు. ఫలకములను తుడుచు పని, గడ్డి కోయు పని, కాపలా పని కొందరికి దొరికినవి. పోయిన కూలిదినములతో పోల్చినచో అవి కొద్దివి. కొంగునాట తోలుబాన కుట్టినవానికి 1950లలో జరిగినది, పావగడలో కలుపు తీసినదానికి 2018లో జరిగినది. రెండుచోట్లను ఆ మనిషి ఇంట మాటలాడు భాష తెలుగే.

అయిదు గ్రామములలో సేద్యమునకు ఎండ తోడు కాలేదు. సేద్యము స్థానమున కూర్చున్నది. ఫలకముల నడుమ పైరు పెంచు పద్ధతులు ఇటీవల దేశములో కొన్నిచోట్ల ప్రయోగములుగ జరుగుచున్నవి. పావగడలో ఫలకములు నేలకు దగ్గరగ, వరుసలు చిక్కగ నిలిపినందున దానికి చోటు మిగులలేదు. కౌలు గడువు పాతికేండ్లకు పైబడినది. అది తీరి నేల తిరిగి చేతికి వచ్చునాటికి, సంతకము చేసిన తరములో పెక్కురు ఉండరు. ఆనాటికి హక్కుదారులగు పిల్లలు ఇప్పుడు తుమకూరు, బెంగుళూరు, హిందూపురములలో చదువుచున్నారు. కౌలు సొమ్మే వారి బడిజీతము.